త్రీ గ్యాంగ్ జిగ్‌బీ స్విచ్: గోడలో బిగించడం ఒక ఎత్తు, సెట్ చేసుకోవడం ఒక ఎత్తు

న్యూట్రల్ వైరు పెట్టే త్రీ గ్యాంగ్ జిగ్‌బీ స్విచ్ (మూడు మీటలుండి, తక్కువ కరెంటుతో నడిచే జిగ్‌బీ అనే రేడియో నెట్‌వర్క్‌లో పని చేసే స్మార్ట్ స్విచ్; ఒక్కో మీటనే గ్యాంగు అంటారు) కొనొచ్చా అని ఎవరైనా అడిగితే కొనమనే చెబుతాను. హాల్లో, మెట్ల దగ్గర, పడకగదిలో ఇవే పెట్టుకున్నాను, ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నిటినీ ఒకచోట నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌లో, జిగ్‌బీ పరికరాలను దానికి కలిపే జిగ్‌బీ2ఎమ్‌క్యూటీటీ ద్వారా నడుస్తున్నాయి, ఇంట్లో ఎవరికీ పాత స్విచ్చులకు తిరిగి వెళ్లాలని లేదు. బ్రాండు పేరు రాయడం లేదు, ఎందుకంటే లోపల ఒకే రకం బోర్డు పెట్టి పైన రకరకాల పేర్లు అచ్చువేసి అమ్మే వస్తువు ఇది, నేను చెప్పే మంచీ చెడూ చాలావరకు ఆ కోవకు చెందిన వాటన్నిటికీ వర్తిస్తాయి. ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. గోడకు బిగించి, యాప్‌లో జత చేసి వదిలేస్తే దీని విలువలో సగం కూడా మీ చేతికి రాదు. సిస్టమ్‌కు దీన్ని మూడు మీటలున్న ఒక పరికరంగా కాదు, మూడు వేర్వేరు లైట్లుగా పరిచయం చేయాలి, ప్రతిదానికీ సొంత పేరు, సొంత గది, సొంత అలవాట్లు ఉండాలి. ఆ పని ఎంత సులువుగా చేయనిస్తుందో చూసే నేను మార్కులు వేస్తున్నాను.

ముందు వైరింగ్ సంగతి. న్యూట్రల్ కావాల్సినవి, అక్కర్లేనివి అని రెండు రకాలు దొరుకుతాయి. స్విచ్ లోపల ఉండే చిన్న రేడియో, ప్రాసెసర్ ఎప్పుడూ మేలుకునే ఉండాలి కదా, వాటికి ఎంతో కొంత కరెంట్ కావాలి. న్యూట్రల్ ఉంటే నేరుగా తీసుకుంటుంది, లేకపోతే బల్బు గుండానే కొంచెం కొంచెంగా లాక్కుంటుంది, అంటే లైటు ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా బల్బులోంచి సన్నగా కరెంట్ పారుతూనే ఉంటుంది. పాత ఫిలమెంట్ బల్బుకు అదేం తెలియదు గానీ తక్కువ వాట్ల ఎల్ఈడీ అయితే చీకట్లో మసకగా వెలుగుతుంది, లేదా మిణుకుమిణుకుమంటుంది. దానికి విరుగుడుగా బల్బుకు సమాంతరంగా పెట్టే చిన్న బైపాస్ కెపాసిటర్ ఇస్తారు, పని చేస్తుంది కూడా, కానీ ప్రతి లైటు దగ్గరా సీలింగ్ విప్పి పెట్టే ఓపిక ఉండాలి. అందుకే స్విచ్‌బోర్డులోకి న్యూట్రల్ తెచ్చుకునే వీలుంటే ఆ ఖర్చుకు వెనకాడొద్దు. ఇంకో లాభం కూడా ఉంది: న్యూట్రల్ ఉన్నవి మామూలుగా జిగ్‌బీ నెట్‌వర్క్‌లో రౌటర్లుగా కూడా పని చేస్తాయి, చుట్టుపక్కల ఉన్న బ్యాటరీ సెన్సర్ల సందేశాలను మోసి ముందుకు పంపుతాయి, న్యూట్రల్ లేనివాటిలో ఎక్కువ భాగం ఆ పని చేయవు. నా పడకగదిలో ఈ స్విచ్ పెట్టాక అంతవరకు తరచూ తెగిపోతున్న తలుపు సెన్సర్ కుదురుకుంది, నేను దీన్ని ఇష్టపడటానికి అది కూడా ఒక కారణం.

గోడలోని డబ్బా లోతు కొలుచుకోకుండా మాత్రం కొనకండి. మూడు రిలేలు (లైటుకు కరెంట్ కలిపి విడదీసే భాగాలు), పవర్ సప్లై, రేడియో కలిసి వెనక చాలా మందంగా ఉంటుంది, దాని వెనక ఫేజు, న్యూట్రల్, మూడు లైట్ల వైర్లు మడతపడి కూర్చోవాలి. బిగించేటప్పుడు ఎంసీబీ దించి, టెస్టర్‌తో చూసుకుని, చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చేయించండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

జత చేయడం తేలికే. ఒక మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే సూచిక లైటు మిణుకుతుంది, అవతల జిగ్‌బీ2ఎమ్‌క్యూటీటీలో పర్మిట్ జాయిన్ (కొత్త పరికరాలను చేరనివ్వడం) ఇస్తే కాసేపట్లో పరికరం కనిపిస్తుంది. అది చివరికి ఉండబోయే చోటే, గోడలో బిగించాకే జత చేయండి, అప్పుడు దగ్గర్లో ఉన్న రౌటర్‌ను పట్టుకుని సరైన దారి వెతుక్కుంటుంది. జత కాకపోతే స్విచ్‌ను తిట్టే ముందు కోఆర్డినేటర్ డాంగుల్ (జిగ్‌బీ నెట్‌వర్క్‌ను నడిపే, కంప్యూటర్‌కు గుచ్చే యూఎస్‌బీ పరికరం) వైపు చూడండి. యూఎస్‌బీ 3 పోర్టుల నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర జిగ్‌బీని బాగా ఇబ్బంది పెడుతుంది, డాంగుల్‌ను ఒక ఎక్స్‌టెన్షన్ కేబుల్ మీద కంప్యూటర్‌కు దూరంగా పెడితే చాలా సమస్యలు వాటంతట అవే పోతాయి. వైఫై కూడా అదే బ్యాండులో ఉంటుంది. జిగ్‌బీకి 11 నుంచి 26 వరకు చానళ్లు ఉన్నాయి, మీ వైఫై ఏ చానల్లో ఉందో చూసుకుని దానికి దూరంగా ఉన్నది ఎంచుకోవాలి, అదీ పరికరాలు జత చేయడం మొదలుపెట్టక ముందే, ఎందుకంటే తర్వాత చానల్ మారిస్తే కొన్నిటిని మళ్లీ జత చేయాల్సి రావచ్చు.

ఇక అసలు విషయం. జిగ్‌బీలో ఇది ఒకే చిరునామా ఉన్న ఒక పరికరం, దాని లోపల మూడు ఎండ్‌పాయింట్లు, అంటే మీటకొకటి చొప్పున ఉప చిరునామాలు, ప్రతి ఎండ్‌పాయింట్‌కూ సొంత ఆన్ ఆఫ్ క్లస్టర్, అంటే ఆ పనికి సంబంధించిన ఆజ్ఞల, సెట్టింగుల గుంపు. జిగ్‌బీ2ఎమ్‌క్యూటీటీలో అవి ఎల్1, ఎల్2, ఎల్3 అనో, మోడల్‌ను బట్టి లెఫ్ట్, సెంటర్, రైట్ అనో కనిపిస్తాయి, హోమ్ అసిస్టెంట్‌లోకి ఒక డివైస్ కింద మూడు స్విచ్ ఎంటిటీలుగా (విడివిడిగా నడపగలిగే అంశాలుగా) వస్తాయి. ఏదీ ముట్టుకోక ముందు గోడ దగ్గర నిలబడి ఒక్కో మీటా నొక్కి, ఫోన్లో ఏది మారుతోందో చూడండి. ఎడమ నుంచి కుడికి 1, 2, 3 అని ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు, నాలుగు గ్యాంగులవి రెండు వరుసల్లో ఉంటాయి కాబట్టి వాటిలో ఇంకా తికమక. ఇదే సమయంలో ఇంకోటి కూడా తేలుతుంది: గోడ మీద నొక్కగానే ఫోన్లో స్థితి వెంటనే మారుతోందా, మూడింటికీ మారుతోందా అన్నది. నా దాంట్లో మూడో గ్యాంగు చేత్తో వేస్తే సిస్టమ్‌కు తెలిసేది కాదు, యాప్ నుంచి వేస్తే మాత్రం సరిగ్గా పలికేది. స్థితి మారితే సిస్టమ్‌కు చెప్పమనే రిపోర్టింగ్ సెట్టింగు మొదటి ఎండ్‌పాయింట్‌కు పడి చివరిదానికి పడకపోతే ఇలా అవుతుంది, జిగ్‌బీ2ఎమ్‌క్యూటీటీలో రీకాన్ఫిగర్ ఇస్తే సరిపోయింది. చిన్న విషయమే, కానీ దీన్ని పట్టుకోకుండా ఆటోమేషన్లు రాసుకుంటూ పోతే లైటు వెలుగుతున్నా ఆఫ్ అనుకునే సిస్టమ్ మీద మనం బతకాల్సి వస్తుంది.

పేర్ల దగ్గర తొందరపడకండి. డివైస్‌కు అది గోడ మీద ఎక్కడుందో ఆ పేరు పెట్టండి, ఉదాహరణకు హాలు తలుపు పక్క బోర్డు అని. ఎంటిటీలకు మాత్రం అవి వెలిగించే లైటు పేరు పెట్టండి, హాలు ట్యూబ్‌లైటు, బాల్కనీ లైటు, గుమ్మం లైటు అని. జిగ్‌బీ2ఎమ్‌క్యూటీటీలో పేరు మార్చేటప్పుడు హోమ్ అసిస్టెంట్ ఎంటిటీ ఐడీ కూడా మార్చాలా అని ఒక టిక్ ఉంటుంది, మొదటిసారి అది పెట్టుకోండి, ఆటోమేషన్లు రాశాక మాత్రం ఐడీల జోలికి పోవద్దు. ఆటోమేషన్ రాసేటప్పుడు డివైస్‌ను కాకుండా ఎంటిటీని ఎంచుకోవడం నాకు చాలా మేలు చేసింది. డివైస్‌తో రాసినది ఆ ఒక్క వస్తువుకే అతుక్కుంటుంది, రేపు స్విచ్ కాలిపోయి కొత్తది పెడితే అన్నీ తిరగరాయాలి. ఎంటిటీతో రాస్తే కొత్తదానికి పాత ఐడీ ఇస్తే చాలు, ఏమీ జరగనట్టే అన్నీ నడుస్తాయి.

చాలామంది ఆగిపోయేది గది విషయంలోనే. స్విచ్ హాల్లో ఉంటుంది, దాని రెండో మీట బాల్కనీ లైటుది, మూడోది గుమ్మం బయట లైటుది. డివైస్‌కు హాలు అని ఏరియా ఇస్తే మూడూ హాలు కిందకే పోతాయి, తర్వాత చెప్పబోయినట్టు వాటిని లైట్లుగా మార్చాక హాల్లో లైట్లన్నీ ఆర్పెయ్ అని గొంతుతో చెబితే గుమ్మం లైటు కూడా ఆరిపోతుంది. హోమ్ అసిస్టెంట్‌లో డివైస్ ఏరియా ఒకటి, ఎంటిటీ ఏరియా ఇంకొకటి ఇవ్వొచ్చు, ఎంటిటీ సెట్టింగుల్లో ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. అది మార్చగానే బాల్కనీ లైటు బాల్కనీలోకి వెళ్లిపోయింది. 2024 ఏప్రిల్ వెర్షన్‌లో అంతస్తులు, లేబుళ్లు కూడా వచ్చాయి, నేను బయటి లైట్లు అన్న లేబుల్ పెట్టి వేర్వేరు బోర్డుల మీదున్న మీటలన్నిటినీ ఒక్క ఆటోమేషన్‌తో సాయంత్రం వెలిగిస్తున్నాను. మల్టీ గ్యాంగ్ స్విచ్ వాడేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే మార్పు ఈమధ్య ఇంకోటి రాలేదనిపిస్తుంది నాకు.

తర్వాత చేయాల్సింది, వాటిని స్విచ్‌ల నుంచి లైట్లుగా మార్చడం. హోమ్ అసిస్టెంట్‌కు స్విచ్ వేరు, లైటు వేరు. లైట్లు ఆర్పమంటే స్విచ్ రకం ఎంటిటీలను అది ముట్టుకోదు, మంచిదే, లేకపోతే ఫ్రిజ్ ప్లగ్గు కూడా ఆరిపోతుంది. ఎంటిటీ సెట్టింగుల్లో దీన్ని ఏ రకంగా చూపాలి అన్న చోట లైటు అని మారిస్తే కొత్త లైటు ఎంటిటీ పుట్టి పాతది దాక్కుంటుంది. ఫ్యాన్‌కు పెట్టిన గ్యాంగును ఫ్యాన్‌గా కూడా చూపించవచ్చు. నేను ఒక బోర్డులో రెండింటిని లైట్లుగా, ఒకదాన్ని ఫ్యాన్‌గా పెట్టుకున్నాను. అయితే ఫ్యాన్ మోటారు లోడు బల్బు లోడు లాంటిది కాదు. డబ్బా మీద రాసిన ఆంపియర్లు సాధారణంగా హీటరు లాంటి రెసిస్టివ్ లోడుకు చెప్పినవి, మోటార్లకూ ఎల్ఈడీ డ్రైవర్లకూ ఆన్ చేసిన క్షణంలో పెద్ద కరెంట్ దూకుతుంది, ఆ దూకుడుకు రిలే కాంటాక్టులు కాలక్రమేణా అతుక్కుపోతాయి. ఒక్కో గ్యాంగుకు ఎంత, మూడూ కలిపి ఎంత అన్న రెండు అంకెలూ చదవండి, రెండోది తరచూ చాలా చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంకోటి, కర్టెన్ మోటారు పైకి ఒక మీట, కిందికి ఒక మీట అని మామూలు టూ గ్యాంగ్ స్విచ్‌కు కలపడం చూశాను, దయచేసి ఆ పని చేయొద్దు. రెండూ ఒకేసారి ఆన్ అయితే మోటారు కాలిపోవచ్చు, దానికి ఇంటర్‌లాక్ (రెండూ ఒకేసారి ఆన్ కాకుండా ఆపేది) ఉన్న కర్టెన్ స్విచ్‌లు వేరే ఉన్నాయి.

కరెంట్ పోయి వచ్చినప్పుడు ఏం జరగాలన్నది నా దృష్టిలో ఈ వస్తువుకు పెద్ద పరీక్ష. ఆఫ్‌లో ఉండాలా, ఆన్ అవ్వాలా, పోకముందు ఎలా ఉందో అలాగే రావాలా అని మూడు దారులు ఉంటాయి. అర్ధరాత్రి కరెంట్ వచ్చి పడకగది లైటు వెలిగితే ఇల్లంతా లేస్తుంది, కాబట్టి అక్కడ ఆఫ్ కావాలి. మెట్ల మీద లైటు ముందున్న స్థితికి రావాలి. మంచి స్విచ్‌లో ఇది గ్యాంగు గ్యాంగుకూ విడిగా ఇవ్వొచ్చు, ఎందుకంటే జిగ్‌బీ ప్రమాణంలోనే ఈ సెట్టింగు ఆన్ ఆఫ్ క్లస్టర్‌లో ఉంటుంది, అది ఎండ్‌పాయింట్‌కు ఒకటి చొప్పున ఉంటుంది. హాల్లోది అలా ఇచ్చింది. పడకగదిలో పెట్టిన, వేరే పేరుతో కొన్న స్విచ్ మాత్రం మూడింటికీ కలిపి ఒక్కటే ఇచ్చింది. అందులో బయటి లైటు కూడా ఉంది కాబట్టి, అన్నిటినీ ఆఫ్ అని పెట్టి, పవర్ వచ్చాక చీకటిగా ఉంటే ఆ ఒక్కటీ వెలిగించే ఆటోమేషన్ రాసుకున్నాను. పని జరుగుతోంది, కానీ స్విచ్ చేయాల్సిన పని సర్వర్ మీద, అంటే హోమ్ అసిస్టెంట్ నడిచే కంప్యూటర్ మీద పడింది, సర్వర్ లేచేదాకా బయట చీకటే. కొనే ముందు జిగ్‌బీ2ఎమ్‌క్యూటీటీ సైట్లో ఆ మోడల్ పేజీ తెరిచి ఈ సెట్టింగు మూడు ఎండ్‌పాయింట్లకూ విడిగా రాసుందో లేదో చూడండి. ఆ పేజీ చదవడం డబ్బా మీద రాతలు చదవడం కంటే ఎన్నో రెట్లు పనికొస్తుంది.

దీంతో నాకు ఎదురైన అసలు ఇబ్బంది ఒకేసారి పంపే ఆజ్ఞల దగ్గర. సినిమా సీన్ (ఒక్క నొక్కుతో లైట్లన్నిటినీ అనుకున్న స్థితికి తెచ్చే సెట్టింగు) నొక్కితే మూడూ ఆరిపోవాలి. హోమ్ అసిస్టెంట్ మూడు ఎంటిటీలకు మూడు సందేశాలు ఒకదాని వెనక ఒకటి పంపుతుంది, అవన్నీ ఒకే పరికరానికి కొన్ని మిల్లీసెకన్ల తేడాతో వెళ్తాయి, ఈ స్విచ్ అప్పుడప్పుడు మధ్యదాన్ని మింగేసేది. రెండు ఆజ్ఞల మధ్య చిన్న విరామం పెడితే తగ్గింది. బహుశా స్విచ్ లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్) అంత వేగం తట్టుకోలేకపోవడమే. నికరమైన దారి జిగ్‌బీ గ్రూపు: జిగ్‌బీ2ఎమ్‌క్యూటీటీలో గ్రూపు పెట్టి అందులో ఈ డివైస్‌లోని ఏ ఎండ్‌పాయింట్ కావాలో ఎంచుకుని చేర్చాలి, ఎండ్‌పాయింట్ ఎంచుకోవడం మరిచిపోవద్దు. అప్పుడు ఒక్క సందేశమే గాల్లోకి వెళ్తుంది, గ్రూపులో ఉన్నవన్నీ ఒకేసారి స్పందిస్తాయి, లైట్లు ఒక్కొక్కటిగా టపటపమని ఆరడం ఉండదు. సభ్యత్వం పరికరంలోనే నిల్వ ఉంటుంది. కొన్ని చవక స్విచ్‌లు గ్రూపు సందేశం వస్తే అడిగిన ఎండ్‌పాయింట్‌ను కాకుండా మూడింటినీ కదిలిస్తాయి, కాబట్టి గ్రూపు చేశాక ఒక్క మీటను మాత్రమే చేర్చి పరీక్షించండి. సీన్లలో టాగుల్ ఆజ్ఞ (ఉన్న స్థితిని తిరగేసేది) అసలు వాడకండి, ఒకటి వెలిగి ఇంకోటి ఆరి ఉంటే టాగుల్ వాటిని తారుమారు చేస్తుందే గాని కలపదు. ఆన్ అంటే ఆన్, ఆఫ్ అంటే ఆఫ్ అని స్పష్టంగా చెప్పండి.

మెట్ల లైటుకు కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్ కావాలి. పాత టూవే వైరింగ్‌ను అలాగే ఈ స్విచ్‌లకు కలపకూడదు. లైటు వైరు ఒక్క స్విచ్‌కే ఇచ్చి, రెండోదాన్ని రేడియో ద్వారా కలపాలి. దీనికి జిగ్‌బీ బైండింగ్ అనే చక్కటి పద్ధతి ఉంది, పై స్విచ్ మీట నొక్కగానే సందేశం కింది స్విచ్ ఎండ్‌పాయింట్‌కే వెళ్తుంది, హోమ్ అసిస్టెంట్ పడుకుని ఉన్నా పని చేస్తుంది. కానీ పంపేవైపు ఆన్ ఆఫ్ క్లస్టర్ అవుట్‌పుట్‌గా ఉండాలి. రిలే ఉన్న స్విచ్‌లలో చాలావాటికి అది ఇన్‌పుట్‌గా మాత్రమే ఉంటుంది, అంటే ఆజ్ఞ తీసుకోగలవు గానీ ఇంకొకరికి ఇవ్వలేవు. నా దాంట్లోనూ అంతే. డివైస్ పేజీలో క్లస్టర్ల దగ్గర చూస్తే ఇది ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. అందుకని మెట్ల పైన ఖాళీగా ఉన్న మూడో మీటను ఆటోమేషన్‌తో కింది లైటుకు కట్టాను, ఆలస్యం కంటికి తెలియదు, కానీ సర్వర్ ఆగితే పైమీట ఉత్తదే. మెట్ల లాంటి చోట అది నాకు నచ్చడం లేదు, అక్కడికి మాత్రం బ్యాటరీతో నడిచే, బైండింగ్ తెలిసిన మీటల స్విచ్ తేవాలని అనుకుంటున్నాను.

స్మార్ట్ బల్బులు ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. రిలే ఆఫ్ అయితే బల్బుకు కరెంటే ఉండదు, రంగులు మార్చే ఆ బల్బు సిస్టమ్‌లో అందుబాటులో లేదని చూపిస్తుంది. రిలే ఎప్పుడూ ఆన్‌లోనే ఉండి, మీట మాత్రం సందేశం పంపే డీకపుల్డ్ మోడ్ అప్పుడు కావాలి, కొందరు దాన్నే డిటాచ్డ్ అంటారు. ఆకారా స్విచ్‌లలో కొన్నిటికి, షెల్లీ రిలేలకు ఈ మోడ్ ఉంది, అదీ గ్యాంగు గ్యాంగుకూ విడిగా పెట్టుకోవచ్చు. నేను కొన్నదానికి లేదు. నా ఇంట్లో మామూలు ఎల్ఈడీలే కాబట్టి అది లోటుగా అనిపించలేదు, మీకు స్మార్ట్ బల్బులుంటే మాత్రం ఇది లేని స్విచ్ తీసుకోవద్దు.

సూచిక లైట్ల గురించి కొంచెం. మీట మీద చిన్న దీపం ఆన్‌లో వెలగాలా, ఆఫ్‌లో వెలగాలా, అసలు వద్దా అని ఎంచుకోవచ్చు. చీకట్లో స్విచ్ వెతుక్కునే చోట ఆఫ్‌లో వెలగడం బాగుంటుంది, పడకగదిలో పూర్తిగా తీసేశాను, ఆ నీలి వెలుగు కళ్లలో పడుతుంది. టచ్ గ్లాసు కంటే నొక్కే మీటలున్నదే తీసుకోండి. పెద్దవాళ్లకు వేలికి తగిలే స్పర్శ కావాలి, చీకట్లో తడిమితే టచ్ స్విచ్ మీద మూడూ వెలుగుతాయి.

వైఫై మల్టీ గ్యాంగ్ స్విచ్‌లు కూడా వాడి చూశాను. కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు బదులు టాస్మోటా గానీ ఈఎస్‌పీహోమ్ గానీ ఎక్కించుకోగలిగితే అవి చాలా లొంగుతాయి, ఏ రిలే ఏ మీటకు, పవర్ వచ్చాక ఏం చేయాలి, ఇంటర్‌లాక్ కావాలా, అన్నీ మన చేతిలోనే. కానీ బోర్డులు పెరిగేకొద్దీ వైఫై రౌటర్ మీద బరువు పెరుగుతుంది, పైగా కంపెనీ క్లౌడ్ మీదే నడిచే మోడల్ అయితే ఇంటర్నెట్ లేనప్పుడు యాప్ నుంచి లైటు వేయలేం. వేర్వేరు కంపెనీల స్మార్ట్ పరికరాలు కలిసి పని చేయడానికి తెచ్చిన మ్యాటర్ ప్రమాణం 1.0 వెర్షన్ 2022 అక్టోబరులో వచ్చింది, అందులోనూ మల్టీ గ్యాంగ్ అంటే ఎండ్‌పాయింట్లే, కాబట్టి పేర్లు, గదులు, లైటుగా మార్చడం అన్న ఈ తతంగం అక్కడా తప్పదు.

డబ్బాలో వచ్చిన కాగితం మీద మాత్రం నాకు కోపం ఉంది. జత చేయడానికి ఎన్ని సెకన్లు నొక్కాలో, తయారీదారు యాప్ ఎక్కడ దొరుకుతుందో రాశారు, అంతే. పవర్ వచ్చాక ప్రవర్తన గురించి లేదు, మొత్తం లోడు పరిమితి ఒక మూలన, ఏ టెర్మినల్ ఏ మీటదో బొమ్మ కూడా లేదు. గోడలో ఏళ్ల తరబడి ఉండాల్సిన, ఫేజు మోసే వస్తువుకు ఇంత నిర్లక్ష్యంగా కాగితం ఇవ్వడం తప్పు.

మార్కులంటే, హాల్లోదానికి ఐదుకు నాలుగు, గ్యాంగుకు విడిగా పవర్ సెట్టింగు ఇచ్చినందుకు. పడకగదిదానికి మూడే. బోర్డులో న్యూట్రల్ ఉండి, హోమ్ అసిస్టెంట్ ఇప్పటికే నడుస్తూ, ఒక సాయంత్రం కూర్చుని ప్రతి మీటకూ పేరూ గదీ ఇచ్చే ఓపిక ఉన్నవాళ్లు నిశ్చింతగా తీసుకోవచ్చు. న్యూట్రల్ లేనివాళ్లు ముందు ఒక్క సింగిల్ గ్యాంగు తెచ్చి మీ బల్బుతో రాత్రి చీకట్లో పరీక్షించి, మసకగా వెలగకపోతేనే మిగతావి కొనండి.